ఫార్మసీ అంటే మందుల కొట్టేనా?

మన పిల్లలు – మన చదువులు



ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఒకటి ద్రాక్షారామం దగ్గర ఒక పల్లె నుండి వచ్చింది. రాసినది ఒక తల్లి. పేరు వేయవద్దని కోరింది గనుక వేయడం లేదు. నాలుగు పేజీల ఉత్తరం. అందులోని సంగతి క్లుప్తంగా ఇది. పెద్దమ్మాయి ఇంటరు బైపిసి మంచి మార్కులతో పాసయ్యింది. డాక్టరు చదువు కోసం నీట్ పరీక్ష రెండుసార్లు రాసింది, సీటు వచ్చే ర్యాంకు రాలేదు. ఇప్పుడు బి.ఫార్మసీ చదువుతానంటోంది. పెదనాన్నగారేమో "మందుల కొట్లో కూర్చోడానికి నాలుగేళ్ళ చదువెందుకమ్మా, పెళ్ళి చేసెయ్యండి" అంటున్నారు. ఇంతలో పట్నం నుండి ఒకాయన రంగుల పుస్తకం పట్టుకొని వచ్చి, బయోటెక్నాలజీ డిగ్రీ చేస్తే రీసెర్చి, అమెరికా అన్నీ వాటంతట అవే వస్తాయని, ముందుగా పాతికవేలు కడితే సీటు ఉంచుతానని చెప్పి వెళ్ళాడు. మొత్తం ఖర్చు ఆరు లక్షలు. ఉన్నది ఐదు కుంచాల చేను. దాన్ని తాకట్టు పెట్టమంటారా అని ఆ తల్లి అడుగుతోంది.

ఇంకో రెండు మాటలు కూడా రాసింది. ఒకటి ఆమె సొంత భయం: జన్యువులు మార్చే చదువంటున్నారు, అది సృష్టికర్త పనిలో చెయ్యి పెట్టడం కాదా అని. రెండోది భర్త భయం: అచ్యుతాపురం పేలుడు టీవీలో చూసినప్పటి నుండి మందుల ఫ్యాక్టరీ అంటేనే ఆయనకు గుండె దడ.

అమ్మా, మీ ఉత్తరంలాంటివి ఈ రెండు మూడేళ్ళలో నాకు చాలా వచ్చాయి. అందుకని మీ ఒక్కరికే జవాబు రాయకుండా ఈ శీర్షికలోనే రాస్తున్నాను. పొలం మాట చివర చెబుతాను. కాని మీరు ఆ తొందరలో ఉండి ఉంటారు గనుక ఒక్క ముక్క ఇప్పుడే: ఆ పాతికవేలు కట్టకండి.

ముందు పెదనాన్నగారి మాట చూద్దాం. ఆయనది తప్పని కొట్టిపారేయలేం. మనకు కనిపించే ఫార్మసీ మందుల కొట్టే. చీటీ ఇస్తే గోలీ ఇస్తారు. కాని ఆ గోలీ అక్కడికి రావడానికి ముందు ఎంతమంది చేతులు పడ్డాయో మనకు కనబడదు. అన్నం మెతుకు కంచంలోకి వచ్చేసరికి ఆకుమడి నుండి కుప్పనూర్పిడి దాకా ఎంత పని ఉందో పట్నం పిల్లలకు తెలియనట్లే ఇదీను.

మన ప్రాంతపు సంగతులతోనే చెబుతాను. మీకు రామచంద్రపురం దగ్గరే. అక్కడ కెనడా బాప్టిస్టు మిషనుకు చెందిన ఐసబెల్ హేచ్ దొరసానిగారు కుష్ఠరోగుల కోసం పెట్టిన ఆశ్రమం గురించి మీ అత్తమామల తరంవారు చెప్పే ఉంటారు. ఆ రోజుల్లో ప్రపంచంలో ఎక్కడైనా కుష్ఠుకు వాడే మందు చాల్మూగ్రా గింజల నూనె. సూదితో గుచ్చితే భరించలేని నొప్పి, గుణం మాత్రం కొంచెం. కట్లు కట్టడం, కన్నీళ్ళు తుడవడం, ప్రార్థన చేయడం, ఇవే ఆ సేవకులకు మిగిలిన సాధనాలు. తర్వాత 1940లలో డాప్సోన్ అనే మందు కుష్ఠుకు పనిచేస్తుందని తేలింది. ఆ ఒక్క మందుకూ సూక్ష్మజీవి లొంగకుండా పోతుంటే, 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మూడు మందులు కలిపి వాడే పద్ధతిని సిఫారసు చేసింది. ఇప్పుడు కుష్ఠు వచ్చినవారు ఆరు నెలలో ఏడాదో మాత్రలు మింగి నయమై ఇంట్లోనే ఉంటున్నారు. ఆ దొరసానిగారి ప్రేమకు ఏ లోటూ లేదు. లేనిది మందే. అది ఏదో ప్రయోగశాలలో, ఎవరో చదువుకున్నవారు ఏళ్ళ తరబడి బల్ల దగ్గర నిలబడితే వచ్చింది.

బోదకాలు సంగతి చూడండి. కాలవల నడుమ, దోమల నడుమ బ్రతికే మన గోదావరి జిల్లాలకు ఇది పాత శాపం. ఏనుగు కాలుతో సంఘానికి వచ్చి వెనక బెంచీలో కూర్చునే పెద్దలు ప్రతి ఊళ్ళోనూ ఉండేవారు. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి తమ ఎదుటే మింగమని ఇచ్చే మాత్రల్లో ఒకటి డి.ఇ.సి. ఆ మందు 1947లో హెట్రజాన్ అనే పేరుతో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాల నుండి వచ్చింది. ఆ ప్రయోగశాలలో పరిశోధనకు అధిపతి ఎవరనుకున్నారు? మన భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

ఆయన పేరు మన పిల్లలకు సరిగా తెలియకపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. సినిమా నటుల పుట్టినరోజులు చెప్పగలరు. కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

చిన్నతనంలోనే తండ్రి పోయారు. ఇల్లు గడవడమే కష్టం. తల్లి నగలు అమ్మి చదివించింది. రాజమండ్రిలో చదువు సాగలేదు, మెట్రిక్ పాసవ్వడానికి మూడు ప్రయత్నాలు పట్టాయి. (నీట్ రెండుసార్లు తప్పిందని దిగులుపడుతున్న మీ అమ్మాయికి ఈ వాక్యం చదివి వినిపించండి.) తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టినందుకు అక్కడి ఆంగ్లేయ ఆచార్యుడికి కోపం వచ్చి, ఎం.బి.బి.ఎస్. బదులు దానికన్నా తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టా చేతికి వచ్చింది. అన్నదమ్ములు స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. తిన్నది వంటికి పట్టక, రక్తం క్షీణించిపోయే జబ్బు అది. దానికి మందు కనుక్కోవాలన్న పట్టుదల అప్పటినుండి ఆయనలో ఉంది.

1920ల మొదట్లో ఆయన అమెరికాకు బయలుదేరినప్పుడు డబ్బెక్కడిది? మామగారు కొంత సర్దారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి సాయం చేస్తానని మాట ఇచ్చింది. కాకినాడ మీకెంత దూరం? సంతకు వెళ్ళి వచ్చినంత దూరం. ఒక వర్తకుడు ధర్మానికి రాసిపోయిన సొమ్ము ఒక పేద కుర్రవాణ్ణి సముద్రం దాటించడానికి పనికి వచ్చింది.

బోస్టన్‌లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ, ఖర్చుల కోసం ఆసుపత్రిలో రాత్రిపూట కూలి పని చేశారు. రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తే పని. 1925లో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుడితో కలిసి శరీరంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. అది ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. మనం బరువెత్తినా, పరుగెత్తినా కండరానికి శక్తినిచ్చే పదార్థాల గురించిన పరిశోధనలోనూ వారిద్దరి పేర్లు నిలిచాయి. అయినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో లెడర్లే కంపెనీకి వెళ్ళారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. తన అన్నదమ్ములను తీసుకుపోయిన స్ప్రూకు అదే మందయ్యింది. గర్భిణీ స్త్రీలకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఇనుముతో పాటు ఉండేది ఈ ఫోలిక్ ఆమ్లమే. మీరూ మింగే ఉంటారు. ఫోలిక్ ఆమ్లానికి ఎదురు పనిచేసే పదార్థాలను ఆయన బృందమే చేస్తే, సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు బోస్టన్‌లో రక్త క్యాన్సరు ఉన్న పిల్లలకు ఇచ్చి చూశారు. పిల్లల క్యాన్సరుకు మందుతో వైద్యం చేయవచ్చునన్న ఆశ అక్కడ మొదలయ్యింది. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ క్యాన్సరుకూ కీళ్ళవాతానికీ వాడుతున్నారు. ఆరియోమైసిన్ అనే యాంటిబయోటిక్ కూడా ఆయన అధిపతిగా ఉన్న రోజుల్లోనే ఆ సంస్థ నుండి వచ్చింది. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే నిద్రలో కన్నుమూశారు. ఇంటి నుండి వెళ్ళినవాడు మళ్ళీ ఇంటికి రాలేదు. భార్య ఆయనను తిరిగి చూడలేదు. ఆ భాగం చదివినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది.

పెదనాన్నగారికి ఇదంతా చెప్పాక అడగండి, ఇది మందుల కొట్టేనా అని.

అయితే సుబ్బారావుగారిలా అమెరికా వెళ్తేనే ఈ పని దొరుకుతుందా అంటే, ఆ రోజులు పోయాయి. మన దేశంలో ఫార్మసీకి విశ్వవిద్యాలయ స్థాయి చదువు 1932లో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో మొదలైంది. మన ఆంధ్రా యూనివర్సిటీ వాల్తేరులో 1951లోనే మొదలుపెట్టింది. 1960లలో రష్యా సాయంతో హైదరాబాదు బాలానగర్‌లో ఐ.డి.పి.ఎల్. అనే ప్రభుత్వ మందుల ఫ్యాక్టరీ వచ్చింది. అందులో పనిచేసి పని నేర్చుకున్నవారే తర్వాత బయటకు వచ్చి సొంత కంపెనీలు పెట్టారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డిగారు అక్కడ పనిచేసినవారే. 1970 నాటి పేటెంటు చట్టం కూడా కలిసివచ్చింది. మందు మీద కాక తయారుచేసే పద్ధతి మీదే హక్కు ఉండేది గనుక, మన రసాయన శాస్త్రజ్ఞులు వేరే దారిలో అదే మందు చవకగా చేశారు. 2005లో ఆ చట్టం మారింది. ఆ ఐ.డి.పి.ఎల్. ఇప్పుడు మూతపడింది. కాని దాని ఆవరణలోనే 2007లో నైపర్ అనే కేంద్ర ప్రభుత్వ ఫార్మసీ విద్యాసంస్థ మొదలై, నేటికీ అక్కడ ఎం.ఎస్., పిహెచ్.డి. చదువులు చెబుతున్నారు. ఫ్యాక్టరీ పోయినా బడి మిగిలింది.

ఇక అమ్మా, మీ సొంత భయం. జన్యువుల సంగతి.

మీరు రొట్టె చేసేటప్పుడు పిండి పులుస్తుంది కదా. పులిపిండి అంటే కంటికి కనబడని జీవులు. మన ప్రభువే దాన్ని ఉపమానంగా చెప్పాడు. ఈస్ట్ అనే ఆ జీవికి ఒక కొత్త పని నేర్పడమే బయోటెక్నాలజీలో చాలా భాగం. కామెర్లు తెచ్చే హెపటైటిస్-బి వైరసు పై పొరలో ఒక ప్రోటీను ఉంది. దాన్ని తయారుచేసే జన్యువును ఈస్ట్‌లో పెడితే, ఆ ఈస్ట్ ఆ ఒక్క ప్రోటీనునే తయారుచేస్తుంది. అసలు వైరసు అక్కడ ఉండదు, గనుక జబ్బు రాదు. కాని మన ఒంట్లోని కాపలా దానిని చూసి శత్రువు ముఖం గుర్తుపెట్టుకుంటుంది. అదే టీకా.

ఆ టీకా ఒకప్పుడు విదేశాల నుండే వచ్చేది, కూలివాడు కొనలేని ధర. నెల్లూరు ప్రాంతానికి చెందిన వరప్రసాద్ రెడ్డిగారనే ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు, జీవశాస్త్రం చదవనివాడు, ఇది మన దేశంలో ఎందుకు చేయలేమని పంతం పట్టి 1993లో తల్లి శాంతమ్మగారి పేరు మీద శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. పని జరిగింది హైదరాబాదులోని సి.సి.ఎం.బి. వంటి పరిశోధన సంస్థల నీడలో, మన విశ్వవిద్యాలయాల్లో చదివిన యౌవనస్థుల చేతుల మీదుగా. 1997 ఆగస్టులో టీకా బయటకు వచ్చింది. ధర పడిపోయింది. ఇప్పుడు మీ ఊరి ఏ.ఎన్.ఎం. ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం చంటిబిడ్డ తొడకు వేసే ఐదు జబ్బుల టీకాలో ఈ హెపటైటిస్-బి కూడా కలిసి ఉంది. ఒక్క రూపాయి తీసుకోరు.

ఇన్సులిన్ కూడా అంతే. 1921లో టొరంటోలో కనుక్కున్నప్పటి నుండి అరవై ఏళ్ళ పాటు పశువుల, పందుల క్లోమం నుండే తీశారు. 1982 నుండి సూక్ష్మజీవుల చేత మనిషి ఇన్సులిన్ చేయిస్తున్నారు. మన సంఘాల్లో షుగరు ఉన్న పెద్దలు ఎందరు దీనితో బ్రతుకుతున్నారో లెక్కపెట్టండి. వైద్యుడైన లూకా సువార్త రాశాడు. హిజ్కియా రాజు పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయమని చెప్పినవాడు ప్రవక్తయైన యెషయా. కాబట్టి మందు వెదకడం అవిశ్వాసం కాదు. అయితే ఈ విద్యలో హద్దు దాటే పనులు లేవా అంటే, ఉన్నాయి. పుట్టబోయే బిడ్డ జన్యువులను కత్తిరించి 2018లో చైనాలో ఒక శాస్త్రజ్ఞుడు చేసిన పనిని తోటి శాస్త్రజ్ఞులే ఖండించారు, అక్కడి కోర్టు జైలుకు పంపింది. ఇటువంటి చోట్ల దైవభయం ఉన్నవారు లోపల ఉండడం మంచిదా, బయట ఉండడం మంచిదా? నా మటుకు నాకు లోపల ఉండాలనే ఉంది.

ఈ మాట ఊరికే అనడం లేదు. 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో దగ్గు మందు తాగి ఇరవైమందికి పైగా పసిపిల్లలు చనిపోయారు. మూత్రపిండాలు చెడిపోయి చనిపోయారు. ఆ సిరప్పులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం నూటికి 48 పాళ్ళు ఉన్నట్లు పరీక్షలో తేలింది. ఉండదగినది వెయ్యిలో ఒక పాలు. పేర్లు దగ్గరగా ఉంటాయి, చూడ్డానికి రెండూ నీళ్ళలాంటి చిక్కటి ద్రవాలే. ఒకటి మందులో వాడదగినది, రెండోది ఫ్యాక్టరీల్లో వాడే చవక సరుకు. 2022లో ఆఫ్రికాలోని గాంబియాలో ఇటువంటి సిరప్పుల కారణంగానే సుమారు 70 మంది పిల్లలు పోయారని వార్త వచ్చింది. ఇంకా వెనక్కి వెళ్తే 1937లో అమెరికాలో ఇదే విషంతో వందమందికి పైగా చనిపోయాకే అక్కడ గట్టి మందుల చట్టం వచ్చింది. తొంభై ఏళ్ళుగా తెలిసిన విషం!

దీన్ని పట్టుకోవడం కష్టమా? కాదు. పీపా వచ్చిన రోజున దానిలోంచి చిన్న సీసాడు తీసి, ల్యాబులో పరీక్ష పెడితే కొన్ని గంటల్లో తెలుస్తుంది. ఆ పరీక్ష చేసేది ఎవరు? నాణ్యత విభాగంలో పనిచేసే బి.ఫార్మసీ, ఎం.ఫార్మసీ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన పిల్లలు. ఒక బ్యాచి మందు బయటికి వెళ్ళాలంటే వారి సంతకం కావాలి. మేనేజరు పైనుండి "లారీ నిలబడి ఉంది, సంతకం పెట్టమ్మా" అంటాడు. యంత్రం చూపిన అంకె మంచిది కాకపోతే ఇంకోసారి నడిపి మంచి అంకె మాత్రం ఉంచమనేవారూ ఉంటారు. అమెరికా నుండి తనిఖీకి వచ్చే అధికారులు మన కంపెనీలను తప్పుపట్టిన సందర్భాల్లో ఎక్కువగా కనబడేది ఇదే, చేసిన పరీక్ష రాయకపోవడం, చేయనిది రాయడం. ఈ వృత్తిలో రాయనిది జరగనట్లే లెక్క. కొట్టివేత ఉంటే ఒక్క గీత గీసి, పక్కన సంతకం, తేదీ వేయాలి. తెల్ల ఇంకు పూయడం నేరం. అబద్ధపు త్రాసు సంగతి సండే స్కూల్లో చిన్నప్పుడే నేర్పుతాం కదా. ఆ పాఠం గట్టిగా నేర్చుకున్న ఆడపిల్ల అక్కడ నిలబడి "పెట్టను సార్" అంటే, ఎక్కడో ఒక తల్లి ఒడిలో బిడ్డ బ్రతుకుతుంది. ఆ తల్లికి ఈమె పేరు కూడా తెలియదు.

అందుకే మీ అమ్మాయి కోరిక మంచిదంటున్నాను.

ఇప్పుడు లెక్కల సంగతి. ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి.

బైపిసి చదివినవారు మన రాష్ట్రంలో ఈఏపీసెట్ రాసి బి.ఫార్మసీలో చేరవచ్చు. నాలుగేళ్ళు. ఆరేళ్ళ ఫార్మ్.డి. కూడా ఉంది, అది ఆసుపత్రిలో డాక్టర్ల పక్కన పనిచేసే చదువు, 2008 నుండి మన దేశంలో ఉంది. మంచిదే, కాని ఆ చదువుకు తగిన ఉద్యోగాలు మన ఆసుపత్రుల్లో ఇంకా సరిగా ఏర్పడలేదు. ఆరేళ్ళు పోషించగలిగినవారే ఆలోచించాలి. ర్యాంకును బట్టి కన్వీనరు కోటాలో సీటు వస్తే ప్రభుత్వం నిర్ణయించిన ఫీజే ఉంటుంది. అర్హులకు ఫీజు రీయింబర్స్‌మెంటు ఉంటుంది. బి.సి.-సి వర్గంలో ఉన్న మన సంఘ కుటుంబాలు కుల, ఆదాయ ధృవపత్రాలు ఇప్పుడే సచివాలయంలో తీసి పెట్టుకోవాలి. కౌన్సెలింగు రోజున పరుగెత్తితే పని కాదు. కాలేజీకి ఫార్మసీ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో తప్పక చూడండి. అది లేకపోతే ఎంత చదివినా ఫార్మసిస్టుగా పేరు నమోదు కాదు.

బి.ఫార్మసీ తర్వాత జీప్యాట్ అనే జాతీయ పరీక్ష ఉంది. అందులో అర్హత సాధించి గుర్తింపు ఉన్న కాలేజీలో ఎం.ఫార్మసీ చేరినవారికి నెలకు 12,400 రూపాయలు స్టైపెండ్ ఇస్తారు. నైపర్‌లో చేరడానికీ ఈ అర్హత పనికి వస్తుంది. అంటే పై చదువు తండ్రి జేబులోంచి కాకుండా జరిగే దారి ఉంది. ఎమ్మెస్సీ అయ్యాక నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. తెచ్చుకుంటే 2023 జనవరి నుండి నెలకు 37,000 రూపాయలు. ఇంటికి పంపించగలిగినంత డబ్బు, పరిశోధన చేస్తూనే.

బయోటెక్నాలజీ చెడ్డదా? కాదు. కాని నిజం చెప్పాలి. కేంద్ర ప్రభుత్వం 1986లో బయోటెక్నాలజీకి ప్రత్యేక శాఖ పెట్టి, కొన్ని మంచి విశ్వవిద్యాలయాల్లో ఎమ్మెస్సీ ప్రారంభించింది. తర్వాత ఆ పేరుకున్న మెరుపు చూసి ఊరూరా డిగ్రీ కాలేజీలు అదే బోర్డు కట్టాయి. పుస్తకం ఉంది, పంతులున్నాడు, యంత్రం లేదు. ఉన్న యంత్రం గాజు అద్దాల వెనుక, తనిఖీ రోజున మాత్రం దుమ్ము దులుపుతారు. అలా చదివి వచ్చిన పిల్లవాడిని కంపెనీవారు పైపెట్టు పట్టుకోమంటే చేయి వణుకుతుంది. ఈ లోటు తెలిసే ఆ శాఖవారు 1990లలోనే డిగ్రీ అయినవారిని కంపెనీల్లో ఆరేసి నెలలు ఉంచి పని నేర్పే పథకం పెట్టవలసి వచ్చింది. కనుక బయోటెక్నాలజీ ఇష్టమైతే నా సలహా ఇది. డిగ్రీ కాకినాడలోనో రాజమండ్రిలోనో ప్రభుత్వ కాలేజీలో తక్కువ ఖర్చుతో మామూలు సైన్సుగా చదవాలి, రసాయన శాస్త్రం వదలకుండా. తర్వాత జాతీయ పరీక్షలు రాసి హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీ వంటి చోట ఎమ్మెస్సీ చేయాలి. పేరున్న చోట చివరి రెండేళ్ళు చదివితే చాలు, మొదటి మూడేళ్ళకు ఆరు లక్షలు తగలెయ్యనక్కరలేదు.

కాలేజీ చూడ్డానికి వెళ్ళినప్పుడు ప్రిన్సిపాలుగారి గదిలో టీ తాగి తిరిగి రాకండి. బయట చెట్టు కింద నిలబడ్డ మూడో ఏడు పిల్లలను అడగండి: హెచ్.పి.ఎల్.సి. యంత్రం మీద నువ్వు నీ చేత్తో ఎన్నిసార్లు పనిచేశావు బాబూ అని. వాళ్ళు అబద్ధం చెప్పరు.

మీ ఇంటాయన భయం గురించి. అది అర్థంలేని భయం కాదు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ద్రావకం ఆవిరి బయటకు పొక్కి జరిగిన పేలుడులో 17 మంది పోయారు. 2025 జూన్ 30న తెలంగాణలోని పాశమైలారంలో నలభైమందికి పైగా పోయారు. వారిలో కూలీలూ ఉన్నారు, డిగ్రీలున్న యౌవనస్థులూ ఉన్నారు. కంపెనీలు లాభం చూసినంత శ్రద్ధగా గొట్టాల బిగింపులు చూడడం లేదు, ప్రభుత్వ తనిఖీలు కాగితం మీదే ఆగిపోతున్నాయి అన్నది నా అభిప్రాయం. ఇది సంఘాలు కూడా గట్టిగా మాట్లాడవలసిన సంగతి. అమ్మాయికి మాత్రం ఈ తేడా తెలియాలి: ల్యాబు వేరు, రియాక్టర్లు ఉండే ప్రొడక్షన్ బ్లాకు వేరు. ప్రమాదం ఎక్కువగా ఉండేది రెండోదాంట్లో. ఎక్కడ చేరినా మొదటి వారంలో అగ్నిప్రమాద శిక్షణ ఇస్తారా, బయటపడే దారి చూపిస్తారా అని అడగాలి. ఇవ్వని చోట చేరవద్దు. జీతం రెండువేలు తక్కువైనా ఇచ్చే చోటే చేరాలి.

పని మన దగ్గరకే వస్తోంది కూడా. కాకినాడ జిల్లా తొండంగి దగ్గర అరబిందో ఫార్మా అనుబంధ కంపెనీ పెన్సిలిన్-జి ఫ్యాక్టరీలో 2024లో ఉత్పత్తి మొదలైంది. చైనా చవక సరుకు దెబ్బకు మన దేశంలో ఆగిపోయిన తయారీ అది. బూజును పెద్ద పెద్ద తొట్టెల్లో పెంచి మందు తీస్తారు, అంటే బయోటెక్నాలజీయే. అనకాపల్లి జిల్లా నక్కపల్లి దగ్గర బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. సామర్లకోటలో రైలెక్కితే మధ్యాహ్నానికి చేరే దూరం. ఆ చుట్టుపక్కల జాలర్ల, రైతుల కష్టం వేరే ఉంది, సముద్రంలోకి ఏం వదులుతారోనన్న వారి ప్రశ్న న్యాయమైనదే. దానికీ నీళ్ళు పరీక్షించే చదువుకున్న మనుషులే కావాలి.

మొదటి ఉద్యోగంలో జీతం చిన్నదే ఉంటుందమ్మా. గది అద్దె, తిండి పోగా ఇంటికి పెద్దగా రాదు. షిఫ్టులుంటాయి, కొన్ని ఆదివారాలు పోతాయి. ఆరాధన శనివారం సాయంత్రమో, ఆదివారం సాయంత్రమో జరిగే సంఘం దగ్గరలో ఉందా అని మీ పాస్టరుగారి ద్వారా ముందే వాకబు చేయించండి. హాస్టలు విషయంలో కూడా అంతే.

ఇక చేను. ఐదు కుంచాలూ అలాగే ఉండనివ్వండి. కన్వీనరు కోటాలో సీటు, రీయింబర్స్‌మెంటు, హాస్టలు ఖర్చు, ఈ మూడూ ఒక కాగితం మీద వేసుకోండి. తగ్గినది దాళ్వా పంట డబ్బుతోనో, బ్యాంకు విద్యా రుణంతోనో సర్దవచ్చు. మీ స్త్రీల సమాజంవారు కోతపండుగ కానుకలో కొంత చదువులకు తీసిపెట్టే ఆలోచన ఉందేమో అయ్యగారిని అడగండి. అడగడానికి సిగ్గుపడకండి. సుబ్బారావుగారూ కాకినాడలో చెయ్యి చాచినవారే.

రంగుల పుస్తకం తెచ్చినాయన మళ్ళీ వస్తే, మీ కాలేజీ నుండి పోయినేడు ఉద్యోగం వచ్చిన పదిమంది ఫోను నంబర్లు ఇమ్మనండి. అమ్మాయి ర్యాంకు కార్డు వచ్చాక దాని నకలు నాకు పంపితే, ఏ కాలేజీలు ముందు పెట్టుకోవాలో రాస్తాను. వచ్చే నెల శీర్షికలో నర్సింగు చదువుల మీద వచ్చిన ఉత్తరాలకు జవాబులు.